హామీ ఎవరికి? చెన్నపట్నం చూసిన కంపెనీల చరిత్ర



అమరజీవి పొట్టి శ్రీరాములుగారి స్మృతిలో మాట్లాడవలసిన వ్యక్తి భాష గురించో, రాష్ట్రావతరణ గురించో చెబుతాడని ఎవరైనా అనుకుంటారు. ఆ రెండు విషయాల మీదా నాకంటె అర్హులు ఎందరో ఉన్నారు. నేను ఈ సాయంత్రం విదేశీ కంపెనీల పెట్టుబడి గురించి, అది దిగిన చోట జరిగే మంచిచెడ్డల గురించి మాట్లాడదలచుకున్నాను. ఇది ఈ సందర్భానికి దూరపు విషయమని నేను అనుకోవడం లేదు. శ్రీరాములుగారు 1901 మార్చి 16న జార్జిటౌనులో పుట్టారు. ఆ పేట ఒక విదేశీ వర్తక సంఘం కట్టుకున్న కోటను ఆనుకుని పెరిగింది. ఆయన బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం చేశారు. అది లండను వాటాదారుల డబ్బుతో పుట్టిన కంపెనీ. ఆ ఉద్యోగం వదులుకుని గాంధీగారి ఆశ్రమానికి వెళ్ళారు. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట ఆంధ్ర రాష్ట్రం కోసం నిరశన వ్రతం పూని, 58 రోజులకు, డిసెంబరు 15 రాత్రి, కన్ను మూశారు. రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, మధ్యలో ఒక సరిహద్దు గీత వచ్చింది. ఆ గీతకు ఉత్తరాన ఒక పారిశ్రామిక నగరమూ దక్షిణాన ఒక పారిశ్రామిక వలయమూ లేచి, రెండూ ఒకే రకం కంపెనీలను తమ వైపు రమ్మని పిలుస్తున్నాయి.

నా వాదం ఒక్కటే, ముందుగానే చెబుతాను. దూరదేశపు పెట్టుబడి ఈ తీరానికి వచ్చిన ప్రతిసారీ ఇక్కడి పాలకుడు దానికి ఒక హామీ రాసి ఇచ్చాడు. భూమికి హామీ, సుంకాల మినహాయింపుకు హామీ, ఒక దశలో ఏకంగా లాభానికే హామీ. పెట్టుబడి ఏ ఊరి పొలాల్లో దిగిందో ఆ ఊరికీ, ఆ యంత్రాల ముందు నిలబడిన మనిషికీ మాత్రం అలాంటి హామీ మొదట్లో ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళకు దక్కిన కొద్దిపాటి రక్షణ తరవాతి రోజుల్లో వాళ్ళు పట్టుబట్టి రాయించుకున్నది. విదేశీ పెట్టుబడి వరమా శాపమా అని మన పత్రికలు ముప్పై ఏళ్ళుగా వాదించుకుంటున్నాయి. ఆ వాదం తేలదు. హామీ ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది మాత్రం కాగితాలు చూస్తే తేలుతుంది.

మొదటి కాగితం 1639 నాటిది.

అంతకు పదమూడేళ్ళ ముందు ఈస్టిండియా కంపెనీ నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర ఒక స్థావరం వేసుకుంది. ఆంగ్లేయులు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ సరకు చాలినంత దొరకలేదు, స్థానిక అధికారులతో పొసగలేదు. అక్కడి ముఖ్యుడు ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి షరతులు ఇచ్చే చోటు కోసం దక్షిణంగా వెతికాడు. దొరికిన చోటు మద్రాసపట్నం. ఇచ్చినవాడు విజయనగర చక్రవర్తి కింద ఆ ప్రాంతం ఏలుతున్న తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి. ఆయన తమ్ముడు అయ్యప్ప పూందమల్లిలో ఉండి వ్యవహారం నడిపించాడు. వారి తండ్రి చెన్నప్ప పేరే ఈ పట్నానికి వచ్చిందని మీకందరికీ తెలుసు.

ఆ కౌలు షరతులు నేటి కళ్ళతో చదవాలి. కంపెనీ సొంత సరకుకు దిగుమతైనా ఎగుమతైనా శాశ్వతంగా సుంకం లేదు. ఊరి పరిపాలన కంపెనీదే. రేవు ఆదాయం రెండేళ్ళ తరవాత చెరి సగం. కోట కట్టే ఖర్చు కూడా నాయకుడు తానే పెట్టుకుంటాడని డే నమ్మాడు. తీరా కట్టడం మొదలయ్యాక ఆ భారం కంపెనీ మీదే పడి, లండను పెద్దలు డే మీద మండిపడ్డారు. నాయకుడు ఆశించింది ఏమిటి? వర్తకం పెరిగితే వచ్చే రాబడి, పర్షియా నుంచి మేలుజాతి గుర్రాలు. ఆయన్ని అమాయకుడని తీసిపారేయడం న్యాయం కాదు. చుట్టూ శత్రువులున్న చిన్న పాలకుడు తన రేవు బాగుపడాలని కోరుకున్నాడు. డచ్చివారు పులికాట్‌లో ఉన్నారు, పోర్చుగీసువారు శాంథోమ్‌లో ఉన్నారు. వాళ్ళకు పోటీగా మూడో వర్తకుణ్ణి తెచ్చుకోవడం లెక్కప్రకారం తెలివైన పనే. దుగరాజపట్నం కంటె మంచి షరతులు ఇచ్చినందుకే కంపెనీ ఇటు వచ్చింది. ఒక రేవును చూపించి ఇంకో రేవు దగ్గర రాయితీ రాబట్టడమన్నది ఈ తీరంలో అంత పాత విద్య.

తరవాత ఏమైంది? వెంకటాద్రి పోయాడు, విజయనగర చక్రవర్తుల చంద్రగిరి పోయింది, గోల్కొండ వచ్చింది. సగం ఆదాయమన్న మాట కాలక్రమంలో ఒక స్థిరమైన మొత్తంగా మారింది. 1672లో గోల్కొండ అధికారి నెక్నామ్ ఖాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ ఏటా కట్టవలసింది 1,200 వరహాలు. రేవు పెరిగేకొద్దీ ఆదాయం పెరిగింది, ఆ 1,200 పెరగలేదు. ఇచ్చిన పాలకుడికి దక్కే వాటా ఎలా తగ్గిపోతుందో చూపడానికి ఇంతకంటె స్పష్టమైన లెక్క అక్కర్లేదు. ఇక నేతగాడి సంగతి ఆ కౌలులో ఎక్కడా లేదు. కంపెనీ ఈ తీరానికి వచ్చిందే అతని బట్ట కోసం. అతనితో కంపెనీ నేరుగా మాట్లాడలేదు. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు, దుబాసీలు మధ్యలో నిలిచారు. బయానా వాళ్ళ చేతి మీదుగా వచ్చింది, బట్ట వాళ్ళ చేతి మీదుగా పోయింది. ఆ మధ్యవర్తుల పేర్లు చరిత్రలో మిగిలాయి. తరవాతి శతాబ్దంలో గోదావరి తీరాన ఇంజరం, మాధవాయపాలెం ఫ్యాక్టరీల కింద నేసినవాళ్ళు బయానా అనే అప్పులో చిక్కి, తమ బట్టను ఇంకొకరికి అమ్ముకునే స్వేచ్ఛ కూడా పోగొట్టుకున్నారు. ఇవాళ ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించే లేబర్ కాంట్రాక్టర్ స్థానం ఎప్పుడు పుట్టిందో వెతకదలచినవారు ఆ దుబాసీల కాలం దాకా వెళ్ళాలి.

రెండో కాగితం రైలుది. 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. నడిపినది మద్రాసు రైల్వే కంపెనీ, డబ్బు ఇంగ్లండు వాటాదారులది. ఆ వాటాదారులకు ఏటా నూటికి 5 చొప్పున రాబడి వచ్చి తీరుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలు సంపాదన అంతకు తక్కువైతే లోటు భారత ఖజానా పూడ్చాలి. భూమి 99 ఏళ్ళకు ఉచితం. ఖర్చు అదుపులో ఉంచాలన్న పట్టింపు కంపెనీకి ఎందుకుంటుంది? భారత ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన విలియం మాసీ తరవాత 1870లలో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిస్తూ, అయిదు శాతం హామీ ఉన్నంతవరకు తన డబ్బు ఇటుకా సున్నం అయినా హుగ్లీ నదిలో పోసినా వాటాదారుడికి ఒకటేనన్న అర్థంలో చెప్పాడు. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు ఈ వ్యవస్థను ఏకరువు పెట్టి విమర్శించారు. రైలు రాకూడదని వాళ్ళు అనలేదు. నష్టం వస్తే రైతు కట్టే శిస్తులోంచి, లాభం వస్తే లండనుకు అన్న ఏర్పాటును కాదన్నారు. ఈ విభజనను గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. భూమిని 99 ఏళ్ళకు ఇవ్వడం మన పారిశ్రామిక వాడల్లో ఇంకా సాగుతూనే ఉంది. నష్టభయాన్ని ప్రజల మీదికి నెట్టడం కూడా రూపం మార్చుకుని సాగుతున్నది.

మూడో కాగితాన్ని పాలకులు రాయలేదు. దాన్ని పెరంబూరు రాయించింది.

బిన్నీ కంపెనీ ఆధ్వర్యంలోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో వెలిశాయి. యాజమాన్యం బ్రిటిషువారిది. వేలమంది కార్మికులు తెల్లవారకముందే గేటు దగ్గర ఉండాలి. మధ్యాహ్నం భోజనానికి అరగంట. ఆ అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, చోటు వెతుక్కోవాలి, తినాలి, మళ్ళీ యంత్రం దగ్గర నిలబడాలి. మిల్లు పరిసరాల్లో వ్యాపారం చేసుకునే జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు శ్రీ వెంకటేశ గుణామృతవర్షిణి సభ అనే భక్తి సమాజాన్ని నడిపేవారు. కార్మికులు అక్కడికి పురాణం వినడానికి వచ్చి తమ బాధలు చెప్పుకునేవారు. ఆ ఇద్దరూ అనీబిసెంటు అనుచరుడు బి.పి. వాడియా దగ్గరికి వెళ్ళారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో క్రమబద్ధమైన మొదటి కార్మిక సంఘంగా దాన్ని చరిత్రకారులు లెక్కిస్తారు. దాని మొదటి కోరికల్లో ఒకటి భోజన విరామాన్ని మరో పది నిమిషాలు పెంచమని.

పది నిమిషాల కోరిక ఎక్కడి దాకా వెళ్ళిందో చూడండి. 1920 చివర్లో మిల్లు లాకౌటైంది. కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. కార్మికులను పని మానమని ప్రోత్సహించడమంటే వాళ్ళకూ యజమానికీ ఉన్న ఒప్పందాన్ని భంగపరచడమేనన్న వాదన మీద వాడియా మీదా ఆయన సహచరుల మీదా నిషేధపుటుత్తర్వు తెచ్చుకుంది. అంటే అప్పటి చట్టం ప్రకారం సంఘం నడపడమే తప్పు. ఆ ఉత్తర్వు దేశాన్ని కుదిపింది. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం తెచ్చాడు. దాని ఫలితం 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. నమోదైన సంఘం నాయకుల మీద సమ్మె కారణంగా అలాంటి దావాలు చెల్లవని ఆ చట్టం చెప్పింది. చెన్నపట్నంలో ఒక మిల్లు గేటు దగ్గర మొదలైన తగాదా దేశమంతటికీ వర్తించే హామీగా మారింది.

ఈ కథలోని చీకటి భాగాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 1921 సమ్మెలో సవర్ణ కార్మికులకూ ఆదిద్రావిడ కార్మికులకూ మధ్య చీలిక వచ్చింది. ఆకలికి తట్టుకోలేక, సంఘంలో తమకు సమానమైన చోటు లేదన్న అనుమానంతో ఆదిద్రావిడులు పనిలోకి వెళ్ళారు. పులియంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. యాజమాన్యమూ ప్రభుత్వమూ ఆ చీలికను వాడుకున్నాయి, నిజమే. కాని చీలికను వాళ్ళు సృష్టించలేదు. అది మన ఊళ్ళ నుంచి మనం తీసుకువెళ్ళిందే. విదేశీ పెట్టుబడి ప్రభావాన్ని లెక్కించేటప్పుడు స్థానిక సమాజం చల్లని తల్లి అన్నట్టు మాట్లాడేవారు ఈ పులియంతోపును ఒకసారి చదవాలి.

స్వాతంత్ర్యం వచ్చిన తరవాతి నాలుగు దశాబ్దాలను త్వరగా దాటుతాను, ఒక్క ఉదాహరణ దగ్గర తప్ప. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థ ఇంగ్లండులోని రెడిచ్‌లో మోటారు సైకిళ్ళు చేసే రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. కొన్నేళ్ళలో పనిముట్లూ అచ్చులూ వచ్చాయి, ఆ తరవాత విడిభాగాలన్నీ ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. విదేశీ మారకం కొరత, దిగుమతుల మీద ఆంక్షలు, స్థానికంగా చేయాలన్న నిబంధన వాళ్ళను నేర్చుకునేలా చేశాయి. 1970ల మొదట్లో ఇంగ్లండులోని అసలు కంపెనీ మూతపడింది. తిరువొత్తియూరు మూతపడలేదు. ఇవాళ ఆ పేరుతో ప్రపంచంలో తిరిగే బండి చెన్నై బండి. ఆ లైసెన్సుల కాలాన్ని నేను పొగడడం లేదు. వరుసలో నిలబడి ఏళ్ళ తరబడి స్కూటరు కోసం వేచిన తరంవాణ్ణి. అయినా ఆ కాలపు నిబంధనల్లో ఒకటి, వచ్చినవాడు తన విద్యను ఇక్కడ వదిలి వెళ్ళాలన్నది, మనం తొందరపడి పారేసుకున్నామని నా అభిప్రాయం.

1991 జూలైలో పాములపర్తి వెంకట నరసింహారావుగారి ప్రభుత్వం తలుపులు తెరిచింది. ఖజానాలో విదేశీ మారకం అడుగంటిన స్థితిలో వేరే దారి ఎంత ఉండేదో నాకు సందేహమే. ఆ తరవాత ఈ నగరం చుట్టూ వచ్చిన రెండు కార్ల కంపెనీలను పక్కపక్కన పెట్టి చూడడం మంచిది. ఫోర్డు మరైమలై నగర్‌కు వచ్చింది. 1996లో హ్యుందాయ్ ఇరుంగాట్టుకోట్టైలో దిగి 1998లో శాంత్రో తెచ్చింది. ఈ రెండు కంపెనీల మధ్య పాత బంధం ఉంది. 1968లో కొరియాలోని ఉల్సాన్‌లో హ్యుందాయ్ మొదలైందే ఫోర్డు వారి కోర్టినా కారును బిగించి అమ్మే సంస్థగా. ఏడెనిమిదేళ్ళు తిరగకుండానే అది పోనీ అనే సొంత కారు తెచ్చింది. కొరియా ప్రభుత్వం విదేశీ కంపెనీకి తలుపు తీసింది, ఆధిపత్యం మాత్రం ఇవ్వలేదు. నేర్చుకో, తరవాత నువ్వే చెయ్యి అని తన కంపెనీల మెడ మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళ తరవాత గురువూ శిష్యుడూ ఇద్దరూ చెన్నై వచ్చారు. గురువు 2021 సెప్టెంబరులో వెళ్ళిపోతున్నానని ప్రకటించి మరుసటి ఏడు ఉత్పత్తి ఆపాడు. శిష్యుడు నిలిచాడు. 2024 అక్టోబరులో హ్యుందాయ్ భారత సంస్థ 27,870 కోట్ల రూపాయల వాటాలు మన మార్కెట్‌లో అమ్మింది. అవి కొత్త వాటాలు కావు, కొరియా మాతృసంస్థ చేతిలో ఉన్నవి. కనుక ఆ డబ్బు అక్కడికే చేరింది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. ఈ నేల మీద పాతికేళ్ళు పనిచేసిన చేతులు పెంచిన విలువ ఎవరి పేర జమ అవుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఈ అంకె పనికొస్తుంది.

నోకియా కథ ఇంకా చిన్నది, ఇంకా పదునైనది. 2005లో తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం, 2006లో శ్రీపెరంబుదూరులో ఉత్పత్తి. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం అమలులోకి వచ్చింది. ఎగుమతి లాభం మీద మొదటి అయిదేళ్ళు ఆదాయపు పన్ను లేదు, తరవాత అయిదేళ్ళు సగం. స్థానికంగా అమ్మిన ఫోన్ల మీద వచ్చే పన్ను తిరిగి ఇచ్చే షరతు కూడా రాష్ట్రం ఒప్పందంలో రాసింది. ఉచ్చదశలో ఎనిమిది వేలమంది నేరుగా పనిచేశారు. చుట్టూ విడిభాగాలు చేసే కంపెనీల్లో ఇంకా వేలమంది. పన్నెండో తరగతి పూర్తిచేసిన పల్లెటూరి ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చేరారు. ఆ ఉద్యోగం ఆ ఇళ్ళలో తెచ్చిన మార్పును తక్కువచేసి మాట్లాడడం నాగరకులకు తగదు. సొంత పేర బ్యాంకు ఖాతా, తమ్ముడి చదువుకు ఫీజు, పెళ్ళి కొన్నేళ్ళు వాయిదా వేయమని తండ్రితో అనగలిగే నోరు, ఇవన్నీ ఆ జీతంతోనే వచ్చాయి.

2013లో ఆదాయపు పన్ను శాఖ, ఫిన్లండుకు చెల్లించిన సాఫ్ట్‌వేర్ రాయల్టీ మీద పన్ను కట్టలేదంటూ రెండు వేల కోట్ల రూపాయలకు పైగా అడిగింది. అదే సంవత్సరం నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. పన్ను తగాదా వల్ల చెన్నై ఫ్యాక్టరీ ఆ అమ్మకంలో చేరలేదు. యజమాని వదిలేసిన, కొత్త యజమాని తీసుకోని ఆ ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న ఆగింది. ఆ డిసెంబరులో పక్కనే ఉన్న విడిభాగాల కంపెనీ ఫాక్స్‌కాన్ కూడా పని నిలిపింది. పన్ను తగాదాకు రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, మాట్లాడుకునే పద్ధతి ఉంది. 2018లో రాజీ కుదిరింది. ఆ రెండు దేశాల లెక్కలూ, కంపెనీ లెక్కా తేలాయి. ఇరవై అయిదేళ్ళ వయసుకే ‘మాజీ ఉద్యోగిని’ అయిపోయిన ఆడపిల్లల లెక్క ఆ రాజీలో ఏ పేరా కిందికీ రాలేదు. ఆ తరవాత ఆ ప్రాంగణంలోకి ఛార్జర్లు చేసే మరో కంపెనీ వచ్చింది, ఫాక్స్‌కాన్ మళ్ళీ తెరుచుకుని ఐఫోన్లు చేస్తున్నది. భవనాలకు కొత్త అద్దెదారులు దొరుకుతారు. ఎన్‌ఫీల్డ్‌లో నేర్చుకున్నంత విద్య ఈ ఎనిమిదేళ్ళలో ఇక్కడ ఎవరి చేతిలో మిగిలిందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. విడిభాగాల కంపెనీలు కూడా విదేశాల నుంచి వెంట వచ్చినవే, వెంట వెళ్ళినవే.

ఇప్పుడు ఉత్తరానికి, సరిహద్దు గీత దగ్గరికి వద్దాం. గుమ్మిడిపూండి దాటాక తేర్వాయి కండ్రిగ అనే ఊరుంది, జనం ఎక్కువమంది దళితులు. ఆ ఊరి పశువుల మేతకూ వంటచెరకుకూ ఆధారమైన అటవీ బంజరును రాష్ట్రం పారిశ్రామిక వాడకు తీసుకుంది. ఫ్రాన్సు టైర్ల కంపెనీ మిషెలిన్ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఊరివాళ్ళు ఎన్నో రకాల నిరసన తెలిపారు. చివరికి 2012లో ఫ్రాన్సు కార్మిక సంఘాలతో కలిసి, బహుళజాతి కంపెనీల నడవడి మీద ఫిర్యాదులు వినే ప్యారిస్‌లోని సంప్రదింపు కార్యాలయం దాకా వెళ్ళారు. మద్రాసులో, ఢిల్లీలో వినేవాడు దొరకక ప్యారిస్ వెళ్ళవలసి రావడం మన వ్యవస్థ మీద ఏ విదేశీయుడూ చేయలేనంత పెద్ద విమర్శ. అదే పేరున తరవాత చెన్నై తాగునీటి కోసం ఒక జలాశయం కూడా వచ్చింది, 2020లో ప్రారంభించారు. ఒకే చిన్న ప్రాంతం టైరుకూ నీటికీ రెండుసార్లు నేల ఇచ్చింది.

మరికొంచెం పైకి వెళితే శ్రీసిటీ. ఆ నేల చరిత్ర ఈ సభలో చెప్పకపోతే ఎక్కడ చెప్పాలి? భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాక సరిహద్దు తాలూకాల తగాదాకు పటాస్కర్ మధ్యవర్తిత్వం చేశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు వెళ్ళింది. దానికి బదులుగా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల తెలుగు గ్రామాలు ఆంధ్రకు వచ్చి సత్యవేడు తాలూకా అయ్యాయి. తెలుగువారు పోరాడి తెచ్చుకున్న ఆ గ్రామాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ, చెన్నైకి ఎంత దగ్గరో, ఎన్నూరు రేవుకు ఎంత దగ్గరో చెప్పుకునే పెట్టుబడులను పిలిచింది. ఇసుజు, అల్‌స్టామ్, మాండలీజ్, డైకిన్ వచ్చాయి. చెన్నై మెట్రో పెట్టెల్లో ఎక్కువ భాగం అల్‌స్టామ్ అక్కడే చేసింది. శ్రీపెరంబుదూరులో పని ఆపిన కొద్ది నెలలకే, 2015లో, ఫాక్స్‌కాన్ శ్రీసిటీలో ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. కొద్ది దూరంలో తడ దగ్గర అపాచీ ఫ్యాక్టరీలో మన ఆడవాళ్ళు అడిడాస్ బూట్లు కుడుతున్నారు. సూళ్ళూరుపేట, సత్యవేడు, నాయుడుపేట యువతకు ఇంటి దగ్గరే పని దొరికింది. నేను దీన్ని చూసి సంతోషించేవాణ్ణే. కాని మన తండ్రులు భాష కోసం గీయించుకున్న గీత ఇవాళ కంపెనీకి బేరం ఆడే సాధనమైంది. అటువాడు భూమి ధర తగ్గిస్తే ఇటువాడు కరెంటు రాయితీ పెంచుతాడు. దుగరాజపట్నాన్ని చూపి మద్రాసపట్నంలో రాయితీ రాబట్టిన పద్ధతి ఇదే. దుగరాజపట్నం శ్రీసిటీకి ఏమంత దూరం కాదు.

బేరంలో చివరికి కోసుకునేది కార్మికుడి రోజునే. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనిదినానికి దారి తీసే సవరణ ఆమోదించింది. అంతకు ముందే కర్ణాటక అలాంటిది చేసింది. సంఘాలు లేచాయి, పాలక కూటమిలోని పార్టీలే ఎదురు తిరిగాయి. ముఖ్యమంత్రి మే 1న ఉపసంహరణ ప్రకటించారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు తొమ్మిది గంటల పరిమితిని పదికి పెంచే ప్రతిపాదనకు అంగీకరించింది. పెట్టుబడులు రావాలన్నదే రెండు చోట్లా చెప్పిన కారణం.

భోజనం సంగతికి మళ్ళీ వస్తాను. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్ మహిళా కార్మికుల హాస్టల్లో తిండి వికటించి నూటయాభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఏం జరుగుతున్నదో చెప్పేవారు లేక పుకార్లు పుట్టాయి. ఆడపిల్లలు రాత్రంతా చెన్నై–బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగింది, ఆపిల్ ఆ ఫ్యాక్టరీని నిఘాలో పెట్టింది. కాలిఫోర్నియాలోని కంపెనీ ఎత్తి చూపాక హాస్టళ్ళ గదులు, స్నానాల గదులు పరిశీలనకు వచ్చాయి. అవి చూడవలసిన ఫ్యాక్టరీ ఇన్స్పెక్టర్ ఇక్కడే ఉన్నాడు. ఆ పిల్లలకు ఒక సంఘం ఉండి ఉంటే, పెరంబూరు కార్మికుల్లా తమ తిండి గురించి ముందే ఒక కాగితం రాసి ఇచ్చి ఉండేవారు. రహదారి మీదికి రావలసిన అవసరం పుట్టేది కాదు.

2024 సెప్టెంబరు 9న శామ్‌సంగ్ శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ కార్మికులు సమ్మెకు దిగారు. ముప్పై ఏడు రోజులు. జీతాల కోరిక ఉంది గాని పీటముడి అక్కడ లేదు. తమ సంఘాన్ని నమోదు చేయమన్నారు. సంఘం పేరులో కంపెనీ పేరు ఉండకూడదని యాజమాన్యం అభ్యంతరం చెప్పింది, నమోదు అధికారి ఆలస్యం చేశాడు, వ్యవహారం మద్రాసు హైకోర్టుకెక్కింది. 2025 జనవరిలో నమోదు అయింది. ఏ చట్టం కింద? వాడియా మీది నిషేధపుటుత్తర్వు పుట్టించిన 1926 చట్టం కిందే. ఒకే నగరంలో, ఒకే హైకోర్టు పరిధిలో, వందేళ్ళ దూరంలో ఒకే హక్కును రెండోసారి రుజువు చేసుకోవలసి వచ్చింది. అది అయిన పది నెలలకే, 2025 నవంబరు 21న, కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి 1926 చట్టం పుస్తకాల్లోంచి తప్పుకుంది. కొత్త కోడ్‌లో సంఘానికి గుర్తింపు గురించి స్పష్టత పెరిగిందని దాన్ని సమర్థించేవారంటారు. సమ్మెకు ముందు నోటీసు నియమం అన్ని పరిశ్రమలకూ వర్తించడం వల్ల సమ్మె చేయడమే దుర్లభమవుతుందని సంఘాలంటాయి. నా మొగ్గు రెండోవారి వైపు.

అయితే ఏం చేయాలని మీరు అడుగుతారు. ఉపన్యాసకుడు దీన్ని తప్పించుకోకూడదు. ప్రతి అవగాహన ఒప్పందం పూర్తి పాఠం శాసనసభ బల్ల మీద పెట్టాలి. ఎంత భూమి, ఏ ధరకు, ఏయే పన్నులు ఎంతకాలం మాఫీ అన్నది పౌరుడికి తెలియాలి. మాఫీకి బదులుగా కంపెనీ స్థానికంగా ఏయే విడిభాగాలు చేయిస్తుంది, ఎవరికి ఏ విద్య నేర్పుతుంది అన్నది షరతుగా రాయాలి, ఏటా లెక్క చెప్పించాలి. కంపెనీ వెళ్ళిపోయే పక్షంలో కార్మికుడికి ఏం ఇస్తుందో వచ్చిన రోజునే రాయించాలి. ఫోర్డు కార్మికులు దాన్ని కంపెనీ వెళ్ళేటప్పుడు గేటు ముందు కూర్చుని బేరమాడవలసి వచ్చింది.

రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చోవాలన్నది ఇంకో మాట. అది జరిగే పని కాదని కొందరు నవ్వవచ్చు. 1983లో నందమూరి తారక రామారావుగారు, ఎం.జి. రామచంద్రన్‌గారు చెన్నైకి కృష్ణ నీరు ఇచ్చే తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. 1996లో ఆ నీరు కండలేరు నుంచి పూండి జలాశయానికి చేరింది. సత్యవేడు పక్కనుంచి, సరిహద్దు దాటి. ఎంత నీరు, ఎవరి ఖర్చు, కాలువ బాగు ఎవరిది అన్నవన్నీ కాగితం మీద రాసుకున్నారు. ఆ కాలువకు అటూ ఇటూ ఉన్న ఫ్యాక్టరీలకు కూడా అలాంటి కాగితం ఒకటి రాసుకోవచ్చు: భూమికి ఇంతకంటె తక్కువ ధర లేదు, రోజుకు ఇంతకంటె ఎక్కువ గంటలు లేవు, హాస్టల్ గదిలో ఇంతకంటె ఎక్కువమంది ఉండరు, సంఘం నమోదుకు ఇంతకంటె ఎక్కువ రోజులు పట్టదు అని. అమరావతిలోనో, చెన్నై సెక్రటేరియట్‌లోనో, రెండు రాష్ట్రాల పారిశ్రామిక శాఖల అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మొదటి ముసాయిదా తయారుకావడానికి నెలలు పట్టదు. సత్యవేడు, గుమ్మిడిపూండి శాసనసభ్యులిద్దరూ ఆ ముసాయిదా కోరుతూ తమ తమ సభల్లో ఒకే రోజున తీర్మానం పెట్టాలని ఈ వేదిక నుంచి వారిని అభ్యర్థిస్తున్నాను.